పాయింటు రెండు సిస్టర్

మా జిల్లా ఆసుపత్రిలో సవ్యంగా నడిచేవి రెండే రెండు ఉండేవి. ఒకటి క్యాంటీన్లో టీ, రెండోది నర్సుల డ్యూటీలు. టీ జోలికి ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదు, మా అదృష్టం. డ్యూటీల జోలికి మాత్రం సూపరింటెండెంటు గారు వెళ్ళారు.

నా పేరు సువార్తమ్మ. ఆడవాళ్ళ సర్జికల్ వార్డుకి హెడ్ నర్సుని. నోరు పెద్దదని ఊళ్ళో పేరుంది. ముప్ఫై మంచాల వార్డులో ఆ చివర మాట ఈ చివర వినపడాలంటే చిన్న నోటితో పని జరగదు మరి.

సంగతేంటంటే, మాకు పొద్దుట డ్యూటీ, మధ్యాహ్నం డ్యూటీ, రాత్రి డ్యూటీ అని మూడు ఉండేవి. మూడూ ఒకటే పొడవు. మా వృత్తికి ఒకటే శాసనం. వచ్చే సిస్టర్ వచ్చి, మంచం మంచం దగ్గరా నిలబడి, ఎవరికి ఏమైందో, ఏ మందు ఎప్పుడివ్వాలో విని, "తీసుకున్నాను" అనేదాకా వెళ్ళే సిస్టర్ గడప దాటకూడదు. దీన్నే ఛార్జి ఇవ్వడం అంటాం. చెల్లెలి పెళ్ళికి వెళ్ళాలన్నా, ఒళ్ళు కాలిపోతున్నా ఛార్జి ఇచ్చే వెళ్ళాలి. ఇవ్వకుండా వెళ్ళిన మనిషిని మేం మళ్ళీ సిస్టర్ అని పిలవం.

మా వార్డులో కెజియా అని ఒక పిల్ల ఉంది. కాన్పు సెలవు అయిపోయి అప్పుడే డ్యూటీలో చేరింది. దాని కూతురు షారోనుకి అయిదో నెల. పాలపీక నోట్లో పెడితే తుపుక్కున ఊసేస్తుంది, తల్లి పాలు తప్ప ఇంకేమీ ముట్టదు. అందుకని కెజియా అత్తగారు దీనమ్మ ఆటో ఎక్కి పాపని ఆసుపత్రి సైకిల్ స్టాండు దగ్గరికి తెచ్చేది. కెజియా మంచాలు పక్క సిస్టర్ చూస్తుంటే, ఈ పిల్ల ఒక పావుగంట కిందికి పోయి పాలిచ్చి వచ్చేది. ఒక్కోరోజు మధ్యాహ్నం డ్యూటీ పడితే ఇంకో సిస్టర్‌తో మార్చుకునేది. అందరి డ్యూటీ ఒకటే కొలత గనక మార్చుకోవడం పక్కింటికి గిన్నెడు పంచదార బదులిచ్చినంత సులువుగా ఉండేది. ఎవరికీ దరఖాస్తు లేదు, దండం పెట్టక్కర్లేదు.

ఇంత సుఖంగా నడుస్తుంటే ఎవరికైనా కన్ను కుడుతుంది.

సూపరింటెండెంటు సదాశివేశ్వరరావు గారు చెడ్డమనిషి కాదు. ఎముకల డాక్టరు. విరిగిన చెయ్యి తీసుకొస్తే చక్కగా అతుకుతారు. చిక్కల్లా, ఏదైనా విరక్కుండా ఉంటే ఆయనకి చేతులు దురద పెడతాయి. ఆయన ఒక కొండ ఊళ్ళో, పెద్ద హోటల్లో పెట్టిన పాలనా శిక్షణకి వెళ్ళి, భుజం మీద కొత్త శాలువాతో, నోట్లో 'వెసులుబాటు' అన్న మాటతో తిరిగొచ్చారు. శాలువా తొందరగానే మాసింది. మాట మాత్రం మాయలేదు.

మర్నాడే సమావేశం హాల్లో మా అందరినీ కూర్చోబెట్టారు.

"సోదరీమణులారా! అందరికీ ఒకే పొడవు పాళీ అనునది గత శతాబ్దపు జాడ్యం. మానవుల శక్తి సామర్థ్యములు భిన్నములు. కావున పాళీలు సైతం భిన్నములు కావలెను. నేటి నుండి మన ఆసుపత్రి నందు సమ్మిళిత పాళీ విధానం అమలగును. నాలుగు గంటలు, అయిదు, ఏడున్నర, పది, పన్నెండు. ఎవరి జీవనశైలికి తగినది వారు ఎంచుకొనవచ్చును."

పాళీ అంటే ఆయన భాషలో డ్యూటీ. నేను లేచాను. "బాగుందండి. అన్నీ కలిపేస్తే ఎవరు ఎవరికి ఛార్జి ఇవ్వాలండీ?"

"అది సూక్ష్మస్థాయి అంశం సిస్టర్. విధానం స్థూలస్థాయిలో ఉంటుంది."

పక్కనే కూర్చున్న ఏ.వో. పానకాలు గారు 'సూక్ష్మం' అని రాసుకున్నారు. ఏ.వో. అంటే ఆఫీసు వ్యవహారాలు చూసే అధికారి. సూపరింటెండెంటు గారి నోట్లోంచి ఏ మాట ఊడిపడినా దాన్ని పట్టుకుని అంకె చేసి పెట్టడం ఆయన ఉద్యోగం.

"ముఖ్యంగా ఈ విధానం మన కెజియా వంటి తల్లుల కొరకు," అన్నారు సూపరింటెండెంటు గారు. "తల్లీబిడ్డల అనుబంధమునకు పెద్దపీట వేయుటయే దీని ఆశయం. కెజియాకు అయిదు గంటల పాళీ మంజూరు చేయడమైనది."

హాలంతా చప్పట్లు. కెజియా అందరికంటే గట్టిగా కొట్టింది, పిచ్చి తల్లి. అయిదు గంటలయ్యాక ఇంటికి పోవచ్చంటే నాకూ ముచ్చటేసి నేనూ కొట్టాను.

పిల్లల ట్యూషన్లున్నవాళ్ళు నాలుగు గంటలు తీసుకున్నారు. వారంలో ఎక్కువ సెలవలు కలిసొస్తాయని కొందరు పన్నెండు తీసుకున్నారు. దూరం నుంచి బస్సులో వచ్చేవాళ్ళు బస్సు వేళని బట్టి ఏడున్నర తీసుకున్నారు. ఏది ఎందుకు తీసుకోవాలో తెలియని వాళ్ళు పది తీసుకున్నారు.

మొదటి రోజు పొద్దున్నే వార్డులోకి అడుగుపెట్టేసరికి పెళ్ళి విడిదిలా కళకళలాడుతోంది. లెక్కపెడితే పదకొండు మంది సిస్టర్లు. అయిదుగురు ఛార్జి ఇస్తున్నారు, అయిదుగురు తీసుకుంటున్నారు, పదకొండో ఆవిడ తన వంతు కోసం కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు చూసుకుంటోంది. సగం మంచాలు తీసుకునేసరికి, తీసుకున్న సగాన్ని ఇంకొకావిడకి ఇచ్చే వేళయిపోతోంది. ఇస్తూ ఉన్న సిస్టర్ కొత్త పని మొదలుపెట్టకూడదు, తీసుకుంటున్న సిస్టర్ తీసుకోవడం పూర్తయ్యేదాకా రోగిని ముట్టుకోకూడదు. అది పాత నిబంధనే. పూర్వం దానికి పావుగంట పట్టేది. ఇప్పుడు పొద్దంతా పట్టింది.

కిటికీ పక్క మంచం మీద గంగారత్నం అనే ఆవిడ ఉంది. షుగరు ముదిరి ఎడంకాలి చిటికెనవేలు తీసేశారు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, ఎదురుగా ఉన్న కొత్త సిస్టర్‌కి తనే ఛార్జి ఇచ్చేస్తోంది.

"పేరు గంగారత్నం. ఎడంకాలు చిటికినేలు తీసేరు. పొద్దుటే కట్టు మార్చాలి, మార్చలేదు. సూదిమందు తిండికి ముందు. తిన్నాను, సూది లేదు. రాసుకోండమ్మా, మీరు కూసోండి, పాపం ఎంతసేపు నిలబడతారు."

"కట్టు ఎందుకు మార్చలేదు పిన్నీ?" అన్నాను.

"ఎవరు మారుత్తారమ్మా? అందరూ నా గురించే సెప్పుకుంటన్నారు కదా. ఇన్నిసార్లు ఇంటే నోటికొచ్చేసింది. అదిగో ఆ పక్క మంచమ్మాయిది కూడా సెప్పమంటారా?"

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు గారు రౌండ్సుకి వచ్చి, ఆ మాటలు విని, ఆగిపోయారు. ఆయన కళ్ళు మెరిశాయి.

"పానకాలు గారూ, గమనించితిరా? రోగి సాధికారత! మనం ఆశించని ఫలితం!"

పానకాలు గారు దాన్నీ రాసుకున్నారు. కట్టు సంగతి ఎవరూ రాసుకోలేదు. చేతులు కడుక్కుని నేనే మార్చాను. నాకు తెలియలేదు గానీ, వార్డుకి హెడ్ నర్సుగా నేను చేసిన ఆఖరి పని అదే.

ఎందుకంటే ఇన్ని కొలతల డ్యూటీలు అమర్చడం మానవమాత్రుల వల్ల కాలేదు. అందుకని హెడ్ నర్సులం అందరినీ వార్డుల్లోంచి లాగేసి, పాత ఎక్స్‌రే గది ఖాళీ చేయించి, తలుపు మీద 'పాళీ సమన్వయ కేంద్రం' అని రాయించి అందులో కూర్చోబెట్టారు. వార్డులో నర్సులు చాలడం లేదు, ఎందుకు చాలడం లేదో లెక్క కట్టడానికి నర్సుల్ని తీసుకెళ్ళండి! ఇంట్లో బియ్యం నిండుకుంటే వంటమనిషిని బియ్యం గింజలు ఎన్ని తక్కువయ్యాయో లెక్కపెట్టమన్నట్టుంది. ఈ మాట పైకే అన్నాను. పానకాలు గారు నవ్వారు, నాకేమో అరికాలి మంట నెత్తికెక్కింది.

మార్చుకోవడాలు కూడా ఆ రోజుతోనే సరి. అయిదు గంటల డ్యూటీని ఏడున్నర గంటల డ్యూటీతో ఎలా మార్చుకుంటారు? దానికీ పానకాలు గారు ఒక మార్గం కనిపెట్టారు. సమన్వయ కేంద్రం కిటికీకి ఒక రంధ్రం పెట్టించి 'పాళీ మార్పిడి కౌంటరు' తెరిచారు. ఆదివారం రాత్రి ఒక గంటకి మామూలు పగటి గంటలు ఎన్నో పొద్దున్నే పలకమీద ధర రాసేవారు. సిస్టర్లు వరసలో నిలబడి బేరాలాడేవారు. "నా దగ్గర పన్నెండు గంటల శనివారం ఉందండి, తీసుకుని రెండు అయిదులూ ఒక రెండూ ఇయ్యండి," అనేది ఒకామె. ఒకరోజు కెజియా కూడా వరసలో నిలబడింది.

"నాకు పెద్దగా ఏమొద్దండి. మధ్యాహ్నం పూట ఒక అరగంట కావాలి," అంది.

పానకాలు గారు డ్రాయరు లాగి చూసి, తల అడ్డంగా ఊపారు. "చిల్లర లేదమ్మా."

నేను ఆ కిటికీ వెనకే కూర్చునున్నాను. అసలు ఆ పిల్ల అరగంట కోసం వరసలో ఎందుకు నిలబడాల్సి వచ్చిందో చెప్పాలి. దాని అయిదు గంటలు మధ్యాహ్నానికి అయిపోతాయి. కానీ దాని దగ్గర ఛార్జి తీసుకోవలసిన సిస్టర్‌ది పది గంటల పాళీ, అది సాయంత్రం గాని మొదలవదు. నాలుగు గంటల వాళ్ళు అప్పటికే వెళ్ళిపోతారు, ఏడున్నర వాళ్ళ బస్సు ఇంకా రాదు, పన్నెండు గంటల వాళ్ళు ఇంకా నిద్రలేవరు. పొద్దున్న పదకొండు మందితో కిక్కిరిసిన వార్డు మధ్యాహ్నానికి ఒక్క కెజియాతో మిగిలేది. ముప్ఫై మంచాలు, ఒక పిల్ల. ఛార్జి ఇచ్చే దిక్కు లేదు, వదిలేసి వెళ్ళే మనసు లేదు. అయిదు గంటల డ్యూటీ అన్నమాట!

ఒక మధ్యాహ్నం నేను టీకి వెళ్తూ సైకిల్ స్టాండు దగ్గర ఆగాను. దీనమ్మ పాపని భుజానేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, ఎక్కిళ్ళు మాత్రం మిగిలాయి.

"ఎంతసేపయ్యింది దీనమ్మా?"

"ఎండ ఆ రేకు మీదున్నప్పుడొచ్చానండి, ఇప్పుడీ గోడ మీదకొచ్చేసింది. సీసా పెడతంటే నాలికతో తోసేత్తంది. సెంచాతో పోత్తే పొలమారతంది. బరువు కూడా తగ్గిపోయిందంట, మొన్న తూకమేసినాయన కోప్పడ్డాడు. వాళ్ళమ్మ ఎప్పుడు దిగుతాదో మీరైనా సెప్పండమ్మా."

నేను గబగబా పైకెళ్ళాను. కెజియా ఒక ఆపరేషను పేషెంటు వాంతి పట్టుకుని నిలబడి ఉంది. "నువ్వు పోవే, నేను చూస్తాను," అన్నాను. అది పరిగెత్తింది. పాలిచ్చి, పరిగెత్తుకుంటూ వచ్చింది. సాయంత్రానికి నాకు మెమో వచ్చింది. సమన్వయ కేంద్రపు సిబ్బంది వార్డు పాళీలో లేరు గనక వారికి ఛార్జి ఇవ్వడం చెల్లదట. నాకు మెమోలు కొత్త కాదు, ఇంట్లో అల్మరా అరల్లో కాగితం కొనక్కర్లేకుండా అవే పరుస్తాను. రెండోసారి అలాగే చేస్తే మాత్రం మెమో నాకు కాదు, కెజియాకి ఇచ్చారు. దాని ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. మూడోసారికి నాకు చేతులు కట్టేసినట్టయింది.

అప్పుడు దాన్ని వెంటబెట్టుకుని సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళాను. ఆయన ఎంతో ఆదరంగా కూర్చోమన్నారు.

"చెప్పమ్మా కెజియా. ఈ విధానానికి నువ్వే ముఖచిత్రం."

"మధ్యాహ్నం పూట నేనొక్కదాన్నే ఉంటున్నానండి. డ్యూటీ అయిపోయినా ఛార్జి తీసుకునేవాళ్ళు లేరండి. పాపకి పాలివ్వడానికి అవ్వట్లేదండి."

ఆయన పానకాలు గారి వైపు చూశారు. పానకాలు గారు కాల్‌క్యులేటరు మీద వేళ్ళు ఆడించారు. "పొరపాటు పడుతున్నారు సిస్టర్. మీ వార్డులో ఏ గంటలోనైనా సగటున నాలుగు పాయింటు రెండు సిస్టర్లు విధుల్లో ఉన్నారు. పాత పద్ధతిలో నాలుగే ఉండేవారు. అనగా వృద్ధి."

కెజియా ఆయన మొహం వంక చూసింది. "నలుగురు వద్దులెండి. ఆ పాయింటు రెండు సిస్టర్ని పంపించండి సార్, చాలు. పావుగంటలో వచ్చేస్తాను."

నాకు నవ్వు ఆగలేదు. సూపరింటెండెంటు గారు మాత్రం చాలా గంభీరంగా ముందుకి వంగారు.

"సమస్యను రెండో వైపు నుండి చూడవలెను. శిశువు ఆకలి వేళలను మీరు స్థిరీకరించితిరా?"

"ఏంటండీ?"

"ఆకలి ఎప్పుడు వేయునది ముందస్తుగా తెలియపరచినచో పాళీతో అనుసంధానించవచ్చును. శిశువు సైతం కొంత వెసులుబాటు ప్రదర్శించవలెను కదా. వెసులుబాటు ఒక వైపు నుండి మాత్రమే వచ్చునది కాదు."

"అయిదు నెలల పిల్లండీ బాబూ!" అన్నాను నేను.

"అలవాట్లు ఆ వయసులోనే నేర్పవలెను సిస్టర్."

బయటికొచ్చాక వరండాలో కెజియా గోడకి ఆనుకుని ఏడ్చింది. "అక్కా, పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్ళయిపోతున్నాయి. బాత్రూములో పిండి పారబోస్తున్నాను. కింద నా పిల్ల ఏడుస్తుంటే, పైన నేను పారబోస్తున్నాను." దాన్ని పొదివి పట్టుకున్నాను. నా నోరు పెద్దదంటారు గానీ ఆ రోజు అందులోంచి ఒక్క మాట రాలేదు.

అయితే మేం వెళ్ళి మొరపెట్టుకోవడం ఊరికే పోలేదు. మధ్యాహ్నం పూట నర్సులు లేరన్న విషయం సూపరింటెండెంటు గారి మనసులో పడింది. నాలుగు రోజులు ఆలోచించారు. ఆలోచించి, నర్సుల్ని పెంచలేదు. రోగుల్ని తగ్గించారు.

మళ్ళీ సమావేశం.

"మిత్రులారా! నర్సు ఇరవై నాలుగు గంటలూ నర్సు కాదు. వాచ్‌మన్ ఇరవై నాలుగు గంటలూ వాచ్‌మన్ కాదు. మరి రోగి మాత్రమే ఇరవై నాలుగు గంటలూ రోగిగా ఎందుకుండవలెను? ఇది సమన్యాయమా? రోగి శ్రమను మనం ఇంతకాలం గుర్తించలేదు. రేపటి నుండి రోగులకు సైతం సమ్మిళిత పాళీలు వర్తించును."

నేను చెవులు దులుపుకున్నాను. సరిగ్గానే విన్నాను. మర్నాటి నుంచి ఒక్కో రోగి మెడలో ఒక బిళ్ళ వేలాడింది. కొందరు ఆరు గంటల రోగులు, కొందరు పది గంటల రోగులు. జ్వరం బాగా ఉన్నవాళ్ళకి పన్నెండు. పాళీ అయిపోగానే బిళ్ళ తిరగేస్తే వెనకవైపు 'సందర్శకులు' అని ఉంటుంది. సందర్శకులు మంచం మీద పడుకోకూడదు గనక వరండాలో బల్లల మీద కూర్చోవాలి. మధ్యాహ్నం వేళ బిళ్ళలన్నీ తిరగేయించారు. లెక్కలో రోగులు లేరు, కాబట్టి నర్సుల కొరత లేదు.

గంగారత్నాన్ని బల్ల మీద చూసి నా ప్రాణం ఉసూరుమంది. కాలు ఒక స్టూలు మీద పెట్టుకుని, పళ్ళ బిగువున కూర్చుంది.

"డ్యూటీ దిగేసేనమ్మా," అంది. "నేనైతే దిగేను గానండి, నెప్పి దిగలేదు. అది ఓవర్‌టైము సేత్తంది."

ఏమాటకామాటే, లోపల కెజియాకి దీనివల్ల ఒరిగిందేమీ లేదు. లెక్క ప్రకారం దాని వార్డులో రోగులు సున్నా. కానీ బల్లల మీద మూలిగే ముప్ఫై మంది సందర్శకులకి నీళ్ళందించేది, జారిన కట్టు సర్దేది, కళ్ళు తిరిగితే పట్టుకునేది అదే. రోగులు లేరు కదా వెళ్ళిపోవే అంటే, "ఎలా వెళ్ళను అక్కా, వాళ్ళు నన్ను సిస్టరమ్మా అని పిలుస్తున్నారు," అంది.

ఇలా ఉండగా రాజధాని నుంచి కబురొచ్చింది. తల్లులకి అనువైన పని వేళలు అమలుచేసినందుకు మా ఆసుపత్రికి 'తల్లీబిడ్డల నేస్తం' షీల్డు. అది అందుకోవలసింది సిస్టర్ కెజియా. షీల్డు కమిటీ అధ్యక్షురాలు స్వయంగా వచ్చి ఇస్తారట.

ఆ రోజు ఆసుపత్రిని చూడాలి! మంచాలు ఖాళీగా కనపడకూడదని రోగులందరినీ ఒకేసారి డ్యూటీ ఎక్కించారు. హాలు ఖాళీగా కనపడకూడదని సిస్టర్లందరినీ కింద కుర్చీల్లో కూర్చోబెట్టారు. పైన మా వార్డులో నిండా ముప్ఫై మంది రోగులూ, ఛార్జి ఇవ్వకుండా మిగిలిన ఏకైక సిస్టర్ కెజియా. దీనమ్మని పాపతో రమ్మని ముందే చెప్పారు, వేదిక మీద ముచ్చటగా ఉంటుందని. ఆవిడ పొద్దున్నే వచ్చి స్టాండు దగ్గర కూర్చుంది.

అధ్యక్షురాలు మధ్యాహ్నానికి వచ్చారు. సన్నంగా, కళ్ళజోడుతో, నిమిషానికోసారి గడియారం చూసుకునే మనిషి. సూపరింటెండెంటు గారు గంటసేపు మాట్లాడారు. చివరికి మైకులో పిలిచారు. "ఇప్పుడు ఈ విధానపు ఫలితాన్ని ప్రత్యక్షంగా అనుభవిస్తున్న మాతృమూర్తి, సిస్టర్ కెజియా!"

ఎవరూ రాలేదు. పానకాలు గారు పైకి పరిగెత్తారు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చారు. "ఛార్జి ఎవరికిచ్చి రమ్మంటారని అడుగుతోందండి."

"ఎవరో ఒకరికి ఇవ్వమనండి! ఇంతమంది సిస్టర్లున్నారు!"

ఇదిగో, ఇక్కడ నాకు నోరు తిరిగొచ్చింది. లేచి నిలబడ్డాను. "వీళ్ళెవరూ తీసుకోకూడదండి. కొందరి పాళీలు అయిపోయాయి, కొందరివి ఇంకా మొదలవలేదు. పాళీలో లేనివారికి ఇచ్చే ఛార్జి చెల్లదని నాకు తమరే మెమో ఇచ్చారు."

అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకున్నారు. "మరి ఇప్పుడు పాళీలో ఎవరున్నారు?"

"సూపరింటెండెంటు గారు ఒక్కరేనండి," అన్నాను. "ఆయన ఇరవై నాలుగు గంటలూ విధుల్లో ఉన్నట్టే లెక్క. కారూ, క్వార్టరూ ఆ లెక్క మీదే వస్తాయి."

హాల్లో ఎవరో దగ్గారు. సూపరింటెండెంటు గారి మొహం కందగడ్డ అయ్యింది. అధ్యక్షురాలికి మాత్రం మేం నిబంధనల్ని ఇంత నిష్ఠగా పాటించడం తెగ నచ్చింది. "సబబుగానే ఉంది డాక్టర్ గారూ. తమరు వెళ్ళి ఛార్జి తీసుకుని ఆమెను పంపండి. నాకు ఇంకో ఊళ్ళో కార్యక్రమం ఉంది."

ఆయన మెట్లెక్కారు. వెనకే నేనూ ఎక్కాను. ఆ వైభోగం చూడకుండా కింద కూర్చోవడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? కెజియా ఒకటో మంచం దగ్గర మొదలుపెట్టింది. ఆయన "తెలుసు, తెలుసు" అంటూ తలుపు వైపు చూస్తున్నారు. "తెలుసంటే కుదరదండి. తీసుకున్నాను అనాలి," అన్నాను. మంచానికోసారి అన్నారు, ముప్ఫైసార్లు. కిటికీ దగ్గర గంగారత్నం ఆయన కోటు పట్టుకుని ఆపేసింది.

"ఆయ్, నా కట్టు ఇయ్యాల కూడా మార్చలేదండి. అలాగే మీరు డ్యూటీ ఎప్పుడు దిగుతారండి?"

ఆయన నా వైపు తిరిగారు. "సిస్టర్, నన్ను విడుదల చేయువారు ఎవరు?"

"సాయంత్రం పాళీ సిస్టర్ అండి. ఈలోపల కట్ల బండి ఆ మూల ఉంది," అని చెప్పి కెజియా చెయ్యి పట్టుకున్నాను.

ఇద్దరం మెట్లమీంచి పరిగెత్తాం. నాకీ మోకాళ్ళతో అలా పరిగెత్తడం ఎలా చేతనయ్యిందో నాకే తెలీదు. గెలిచామనుకున్నాను. లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నాను. కెజియా ముందు పోతోంది, దాని తెల్ల కోటు గుండెల మీద అప్పటికే పాలు వచ్చి తడిసిపోయింది.

సైకిల్ స్టాండు దగ్గర ఏడుపు వినపడలేదు. దీనమ్మ మొహం వెలిగిపోతోంది.

"ఇదిగో కెజియా, సూడవే! ఇయ్యాల తాగేసిందే! ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లిపోద్దేమో అనుకున్నాను. ఊరికే నోట్లో పెట్టేను, పట్టేసింది. సీసా అంతా తాగేసింది, ఇదిగో రెండోది. బతికించింది నన్ను, బంగారు తల్లి!"

కెజియా బల్ల మీద కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకుంది, సీసా తీసి పక్కన పెట్టింది, కొంగు చాటు చేసుకుంది. పాప ఒకసారి మొహం ఆనించి, వెనక్కి లాక్కుంది. మళ్ళీ ఆనించింది కెజియా. పాప ఒళ్ళు విల్లులా విరిచి, సీసా వైపు చేతులు చాపి ఏడ్చింది. మూడోసారికి కెజియానే సీసా అందుకుని దాని నోట్లో పెట్టింది. పాప గుటకలు వేస్తూ, తల్లి మొహంలోకి చూస్తూ తాగింది. దీనమ్మకి అప్పుడర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. 

అప్పుడే అధ్యక్షురాలూ, పానకాలు గారూ, ఫొటోగ్రాఫరూ స్టాండు దగ్గరికి వచ్చేశారు. కారు అక్కడే ఆగి ఉంది, ఆవిడకి వేళయిపోతోంది. "అద్భుతమైన విధానం. అన్ని జిల్లాలకీ సిఫారసు చేస్తున్నాను," అంటూ షీల్డు కెజియా చేతిలో పెట్టి, పాప బుగ్గ మీద తట్టి కారెక్కారు.

ఫొటోగ్రాఫరు కెమెరా సర్దుకున్నాడు. "పేపరుకి ఒకటి కావాలమ్మా. పాపతో కలిపి. ఆ పాలసీసా పక్కన పెట్టేయండి, ఫొటోలో బాగుండదు."

"తీత్తే గోలెడతాది బాబూ," అంది దీనమ్మ.

"పర్లేదండి. ఫొటోలో ఏడుపు వినపడదు కదా."

కెజియా సీసా తియ్యలేదు. సీసాతో సహా పాపని అత్తగారి ఒళ్ళో పడుకోబెట్టి, లేచి, షీల్డు తీసుకుని ఒక్కతే వచ్చి నిలబడింది. "తియ్యండి. షీల్డు వచ్చింది నాకే కదా," అంది.

అతను కెమెరాలోంచి చూసి, ఆగిపోయాడు. ఎలా చెప్పాలో తెలియక పానకాలు గారి వంక చూశాడు. పానకాలు గారు గొంతు సవరించుకున్నారు.

"సిస్టర్, కోటు మీద తడి కనబడుతోంది. ఆ షీల్డు కాస్త పైకెత్తి పట్టుకోండి."

కెజియా షీల్డు పైకెత్తి గుండెలకి అడ్డంగా పట్టుకుంది. మర్నాడు పేపర్లో ఫొటో చాలా బాగా వచ్చింది.